ఇంజను పుల్లీకి పిన్ను బిగించు విధము

చిట్టమూరు పరిసరములయందును, అటు కోట, వాకాడు వైపున సముద్రతీరము వరకును గల మన పల్లెలలో నీరు తోడు యంత్రము లేని రైతు నేడు అరుదు. విద్యుత్తు మోటార్లు వచ్చిన తరువాత ఆయిలు ఇంజనుల సంఖ్య తగ్గినమాట నిజమే. అయినను కాలువ చివరి పొలములకును, ఇసుక నేలలలోని దొరువుల వద్దను, రొయ్యల చెరువుల గట్లమీదను, కరెంటు పోయిన రాత్రులందును ఇంజనే దిక్కగుచున్నది. ఇంజనుగల రైతు దానికి నూనె పోయుట మరువడు. నీళ్లు చాలినవో లేదో చూచుకొనును. పొగ నల్లగా వచ్చిన మేస్త్రీని పిలుచును. కాని ఇంజను చేయు పనినంతటిని పంపునకు అందించు పుల్లీ దేనివలన షాఫ్టును పట్టుకొనియున్నదో ఆలోచించువారు తక్కువ. వ్రేలెడు పొడవులేని యొక పిన్నువలన అది నిలిచియుండును. ఆ పిన్ను విరిగిననాడు ఇంజను యథాప్రకారము తిరుగుచునే యుండును, పుల్లీ నిలిచిపోవును, నారుమడి యెండును.

పిన్ను విరిగినప్పుడు మనవారు సాధారణముగా చెప్పుకొను కారణమొకటి కలదు: “పిన్ను సన్నము, బలము చాలలేదు” అని. వెంటనే రంధ్రమును పెద్దది చేసి లావు పిన్నును దిగగొట్టుదురు. కొన్నాళ్లకు అదియు విరుగును. మరల పెద్దది చేయుదురు. తుదకు షాఫ్టే విరుగును. పిన్ను విరుగుట లావు చాలకపోవుటచేత గాదనియు, రంధ్రమునకును పిన్నునకును నడుమ సందు ఉండుటచేతననియు ఈ వ్యాసమున చూపదలచినాము. ఈ యొక్క సంగతి మనసున నాటినయెడల తక్కిన పద్ధతులన్నియు దానినుండియే తెలియగలవు.

ముందుగా పిన్ను చేయు పని యేమో చూతము. మన యెడ్లబండికి ఇరుసు చివర కడచీల యుండును. బండిచక్రము ఇరుసుమీద స్వేచ్ఛగా తిరుగును, ఇరుసు తిరుగదు. కడచీల చక్రమును త్రిప్పుటలేదు. అది ప్రక్కకు జారి ఊడిపోకుండ కాపాడుచున్నది. అందుచేతనే కడచీల వదులుగా ఉన్నను బండి నడుచును. ఇంజను పుల్లీ సంగతి వేరు. అక్కడ ఇరుసే తిరుగును. ఇరుసుతోకూడ పుల్లీ తిరిగితీరవలెను. పుల్లీ పిన్ను ప్రక్కకు జారకుండ ఆపుటయేగాక త్రిప్పుడుబలమునంతటిని తన మీదుగా దాటించవలెను. బండి కడచీల చూచిన కంటితో ఇంజను పిన్నును చూచుటవలననే “కొంచెము వదులున్న నేమి” యను మాట పుట్టినది.

క్రొత్త ఇంజనులకు చాలవరకు కీ యను నలుపలకల ఉక్కుముక్క యుండును. షాఫ్టులోను, పుల్లీ నడిమి గుబ్బలోను ఎదురెదురుగా కోసిన గాడిలో అది కూర్చుండి త్రిప్పుడుబలమును దాటించును. తలగల కీలకు నూటికి ఒక వంతు వాలు ఉండును, దిగగొట్టినకొలది బిగియును. కీ యున్నచోట దానిపై బిగించు చిన్న మర కేవలము జారకుండ ఆపుటకే. ఆ మర పుల్లీని త్రిప్పునని నమ్మి కీ లేకుండ నడుపరాదు. గాడి అరిగి, నోరు విచ్చుకొని, మరల గాడి కోయు వసతి లేనప్పుడును, మొదటినుండియు కీ లేని చిన్న పుల్లీలకును పిన్నే ఆధారము.

ఈ పాఠమునకు మంచి యుదాహరణము ఒక పాత కారులో కలదు. అమెరికాలో ఫోర్డు కంపెనీవారు 1908 మొదలు 1927 వరకు మోడల్ టి యను కారును చేసిరి. కోటిన్నరకు పైగా చేయబడిన ఆ కారునకు నాలుగు సిలిండర్ల ఇంజను, ఇరువది గుర్రముల బలము. ఇంజను ముందుభాగమున క్రాంకు షాఫ్టు ముక్కుమీద ఒక చిన్న పుల్లీ కలదు. దానిమీది పట్టా రేడియేటరు ఫ్యానును త్రిప్పును. ఆ పుల్లీని షాఫ్టునకు బంధించునది రెంటినుండి అడ్డముగా దూరిన పిన్ను. ఫ్యాను త్రిప్పుట యెంతమాత్రపు పని! ఆ పనికి ఆ పిన్ను నూరేండ్లైనను చెడదు. కాని దానికి మరియొక పని కూడ పెట్టిరి. ఇంజనును చేతితో త్రిప్పి నడిపించు హేండిలు తన పండ్లతో ఆ పిన్నునే పట్టుకొనును. చేతిబలమంతయు దానిమీదనే పడును. నిప్పురవ్వ తొందరపడి ఇంజను వెనుకకు తన్నినప్పుడు ఆ తన్నును దానిమీదనే పడును. ఆ కార్లను నేటికిని ముచ్చటపడి నడుపువారు విప్పి చూచినప్పుడు పిన్ను నడుమ గంట్లు పడియుండుట, రంధ్రము కోలగా సాగియుండుట కనుచుందురు. ఫ్యాను దానిని అరగదీయలేదు, దెబ్బలు అరగదీసినవి. ఆ కార్ల వెనుక చక్రమును పైకెత్తి, దానినుండి పట్టా వేసి, అమెరికా రైతులు రంపములను, పంపులను నడుపుకొనెడివారు. కావున కారు ఇంజనునకును పొలము ఇంజనునకును ఈ విషయమున భేదము లేదు.

ఇక మన ఇంజను లెక్క వేయుదము. 5 గుర్రముల బలముగల డీజిలు ఇంజను నిమిషమునకు 1500 చుట్లు తిరుగుననుకొనుడు. దాని షాఫ్టునకు ఒక మీటరు పొడవుగల చేయి తగిలించినచో ఆ చేతి కొనయందు ఇంచుమించు 2.4 కిలోల బరువును మోయు బలము వచ్చును. చూచుటకు స్వల్పమే. కాని ఇరుసు దగ్గరకు పోయినకొలది బలము పెరుగును. మీటరులో పదవవంతు దూరమున పదింతలగును. అడ్డము 15 సెంటీమీటర్లుగల పుల్లీ అంచున, అనగా ఏడున్నర సెంటీమీటర్ల దూరమున, అది 32 కిలోలు. అడ్డము 40 మిల్లీమీటర్లుగల షాఫ్టు ఒంటిమీద, అనగా రెండు సెంటీమీటర్ల దూరమున, అదే 120 కిలోలు. అడ్డముగా దూర్చిన పిన్ను షాఫ్టును రెండువైపుల దాటును గనుక ఒక్కొక్క వైపున 60 కిలోలు పడును.

ఇప్పుడు పిన్ను సంగతి. 10 మిల్లీమీటర్ల లావుగల మెత్తని ఉక్కు పిన్నును ఒకచోట కత్తిరించవలెనన్న 2000 కిలోలకు పైబడిన బలము కావలెను. పడుచున్నది 60, భరింపగలది 2000. ఇట్లుండగా అది బలము చాలక విరిగినదనుట ఎట్లు పొసగును?

దీనికి సమాధానము దెబ్బలలో నున్నది. ఒక సిలిండరు ఇంజనులో రెండు చుట్లకు ఒకసారి మందు మండును. 1500 చుట్ల ఇంజనులో నిమిషమునకు 750 మార్లు. ఎనిమిది గంటల రాత్రి తడుపులో 3,60,000 మార్లు. మండినప్పుడెల్ల షాఫ్టు ముందుకు ఉరుకును. మండని చుట్టులో వెనుకబడును. ఫ్లైవీలు ఈ ఎగుడుదిగుళ్లను చాలవరకు మ్రింగును గాని పూర్తిగా మ్రింగజాలదు. మిగిలినది పుల్లీకి చేరును. పిన్ను రంధ్రములో బిగువుగా కూర్చుండినయెడల షాఫ్టు, పిన్ను, పుల్లీ ఒకే ముక్కవలె కదలును గనుక అది ఒత్తిడిగానే యుండును, దెబ్బ కాదు. వెంట్రుకవాసి సందున్నను షాఫ్టు ఆ సందును దాటి వచ్చి పిన్నును కొట్టును. సుత్తిని మేకుమీద ఆనించి నొక్కుటకును, ఎత్తి కొట్టుటకును గల భేదమే యిది. కొట్టినకొలది పోత ఇనుప రంధ్రము అంచు నలుగును. నలిగినకొలది సందు పెరుగును. పెరిగినకొలది దెబ్బ గట్టిదగును. తొలి నెలలో తెలియనిది రెండవ నెలలో టకటకమని వినబడును. మూడవ నెలలో పిన్ను తెగును. తెగిన పిన్నును చేతబట్టి చూచిన, తెగినచోట కొంతభాగము నున్నగా అరిగియు, కొంతభాగము గరుకుగా విరిగియు కనబడును. నున్ననిభాగము ఎన్నో దినములనుండి బీటవారుచు వచ్చినది. గరుకుభాగము ఆ రాత్రి విరిగినది.

లావు పిన్ను వేయుటలో గల కీడు కూడ ఇచ్చటనే చెప్పవలెను. షాఫ్టునకు రంధ్రము చేయుట దానికి గాయము చేయుటయే. లోహపు పలకలో గుండ్రని రంధ్రమున్నయెడల దాని అంచున ఒత్తిడి తక్కినచోటికంటె మూడింతలగునని 1898లో జర్మనీ దేశపు ఇంజనీరు కిర్ష్ లెక్కగట్టి చూపెను. త్రిప్పుడుబలము పడు షాఫ్టులోను రంధ్రపుటంచున ఇట్టి హెచ్చు ఒత్తిడియే కలుగును. రంధ్రము పెద్దదైనకొలది మిగులు లోహము తగ్గును. పిన్ను లావు షాఫ్టు అడ్డములో నాలుగవ వంతు చాలును. మూడవ వంతు దాటరాదు. 40 మిల్లీమీటర్ల షాఫ్టునకు 10 మిల్లీమీటర్ల పిన్ను. దీనికి మించిన పిన్ను అడుగు మేస్త్రీని ఒకమారు నిలిపి కారణమడుగుట మంచిది. గోటితో పోవుదానిని గొడ్డలిదాక తెచ్చుకొని క్రాంకు షాఫ్టు మార్చుకొనువారు కలరు.

వదులును ముందుగా కనిపెట్టుట సులభము. ఇంజనును ఆపి, ఇంధనము కట్టివేసి, డీకంప్రెషను మీటను ఎత్తి, పట్టా తీసివేయుడు. షాఫ్టు కొనను, పుల్లీ గుబ్బను గుడ్డతో తుడిచి, రెంటిమీదుగా సుద్దతో ఒక గీత గీయుడు. పట్టా వేసి గంటసేపు పంపుతో నడిపి మరల చూడుడు. గీత రెండు ముక్కలై ఎడబడినచో పుల్లీ కదలినది. పట్టా లేనప్పుడు ఫ్లైవీలును ఒకరు కదలకుండ పట్టుకొనగా మరియొకరు పుల్లీని ముందుకు వెనుకకు ఊపి చూడవచ్చును. చేతికి తెలియునంత కదలిక యున్నచో ఆలస్యము చేయరాదు. వీనికంటెను మంచి గురుతు ఒకటి కలదు. పుల్లీ గుబ్బకును షాఫ్టునకును కలియుచోట ఇటుకపొడివంటి ఎర్రని సన్నపొడి కనబడిన, లోపల ఇనుము ఇనుముతో రాచుకొని అరిగి త్రుప్పుగా రాలుచున్నదని అర్థము. నూనె తగిలినచోట అది ఎర్రబురదవలె నుండును. మన తీరమున ఉప్పుగాలివలన పైత్రుప్పు అన్నిటికి పట్టును గనుక, తుడిచిన రెండు దినములలో అచ్చటనే మరల పొడి వచ్చుచున్నదా యని చూడవలెను. పైత్రుప్పు అంతటను పట్టును. రాపిడిత్రుప్పు కీలుచోటనే పుట్టును.

పాత పిన్నును తీయుటలో ఓర్పు కావలెను. పిన్నులు రెండు విధములు: కొనమొదలు ఒకే లావు గలవి, వాలు గలవి. వాలు పిన్నునకు ఏబదింటికి ఒకటి చొప్పున వాలుండును, అనగా 50 మిల్లీమీటర్ల పొడవునకు ఒక మిల్లీమీటరు లావు పెరుగును. అంగుళముల కొలతగల పాత ఇంజనులలో నలుబదియెనిమిదింటికి ఒకటి. ఈ రెండు కొలతలు కలుపరాదు. ఒకదాని రంధ్రములో మరియొకటి ఒక కొననే ఆనును, తక్కిన పొడవంతయు వదులుగా నుండును. పిన్ను రెండు కొనలను వెర్నియరుతో కొలిచి సన్నకొన యేదో తెలిసికొని, ఆ కొనమీదనే పంచి పెట్టి కొట్టవలెను. లావు కొనమీద కొట్టినకొలది పిన్ను మరింత బిగియును. పిన్ను రాలేదని సుత్తిని పెద్దది చేయుదురు, దోషము సుత్తిది కాదు. త్రుప్పుపట్టినదానికి ముందునాటి రాత్రియే కిరసనాయిలు పోసియుంచుడు. కొట్టునప్పుడు గుబ్బ క్రింద బరువైన ఇనుపదిమ్మెను దాపుగా ఆనించితీరవలెను. దాపు లేనిచో దెబ్బ యంతయు క్రాంకు షాఫ్టుమీదను, బేరింగులమీదను పడును. పిన్ను వచ్చును గాని బేరింగు పోవును.

పిన్ను వచ్చిన తరువాత పుల్లీని కూడ లాగి లోపలి రంధ్రమును చూడవలెను. ఇక్కడనే చాలమంది తొందరపడుదురు. పుల్లీ లోరంధ్రము షాఫ్టుమీద వదులైనయెడల ఎంత మంచి పిన్ను వేసినను నిలువదు. పిన్ను ఒక్కచోటనే పట్టుకొనును. తక్కిన చుట్టంతయు ఊగుచుండును. పట్టా లాగుడు ఎల్లప్పుడును ఒకే దిక్కునకుండును గనుక పుల్లీ తిరిగినప్పుడెల్ల షాఫ్టుమీద ఇటునటు వాలుచు పిన్నును వంచుచు నిమురుచు నుండును. డబ్బారేకు కత్తిరించి సందులో దోపుట మన పల్లెలలో వాడుకయైనది. దీనిని మేము గట్టిగా నిషేధించుచున్నాము. రేకు కొన్ని దినములలో నలిగి పొడియగును. అంతలో పుల్లీ నడిమికి తప్పి ఊగి పట్టాను కోసివేయును. సరియైన మార్గము, పుల్లీ రంధ్రమును లేతుమీద కొంచెము పెద్దదిగా కోయించి, ఉక్కు బుష్షును బిగువుగా దింపి, ఆ బుష్షును షాఫ్టు కొలతకు కోయించుట. నాయుడుపేటలోగాని గూడూరులోగాని లేతు కలవారికి ఇది కష్టమైన పని కాదు. షాఫ్టును వెంట తీసికొనిపోవుటకు వీలుకానప్పుడు మైక్రోమీటరుతో మూడుచోట్ల కొలిచి వ్రాసికొని పోవలెను. దారము చుట్టి కొలత తీసికొనిపోవుట పనికిరాదు.

రంధ్రము సంగతి. పాత రంధ్రము గుండ్రముగా నున్నచో రీమరుతో ఒక మెట్టు పెంచి దానినే వాడవచ్చును, పైన చెప్పిన మేర దాటనంతవరకు. కోలగా సాగియున్నచో దానిని విడిచిపెట్టవలెను. దానికి అడ్డదిక్కున, గుబ్బ పొడవులో కొంచెము ఎడముగా క్రొత్త రంధ్రము చేయుడు. ఒకే అడ్డుకోతలో రెండు రంధ్రములు ఒకదానినొకటి దాటినయెడల అచ్చట షాఫ్టు మెడ తెగినట్లే. కీగాడి మీదుగా పోకుండ చూడుడు. పుల్లీని షాఫ్టుమీద దాని నిజస్థానమున, పట్టా వరుసకు సరిగా నిలిపి, రెంటిని కలిపియే తొలువవలెను. వేరువేరుగా తొలిచి కలుపబోయిన కలియవు. తొలుచుటకు నిలువు డ్రిల్లుయంత్రమే తగినది. చేతిడ్రిల్లు ఎంత నేర్పరి పట్టినను రంధ్రము వంకరపోవును. షాఫ్టును ఇంజనునుండి తీయుటకు వీలు లేనిచో ఉక్కుముక్కలో నిటారుగా తొలిచిన రంధ్రమును దారిగా బిగించి దానిగుండ చేతిడ్రిల్లును పోనిచ్చుట కొంత మేలు.

గురుతుపెట్టినచోట పంచితో గుంట చేసి మొదట 4 మిల్లీమీటర్ల సన్న డ్రిల్లుతో ఆవలివరకు తొలువుడు. అది నడిమిగా బయటికి వచ్చెనా యని చూచుకొనిన తరువాతనే పెద్దడ్రిల్లు. నడుమనడుమ డ్రిల్లును పైకెత్తి పొడి రాల్చుచుండవలెను. రీమరునకు రెండు మూడు పదులవంతుల మిల్లీమీటరు మాత్రము మిగుల్చుడు. అంతకు హెచ్చు మిగిల్చిన రీమరు బిగుసుకొనును. రీమరును కుడివైపునకే త్రిప్పవలెను. బయటికి తీయునప్పుడును కుడివైపునకే. వెనుకకు త్రిప్పినచో దాని అంచులు మొద్దుపోయి రంధ్రమున గీతలు పడును. ఉక్కునకు నూనె వేయవలెను, పోత ఇనుమునకు అక్కరలేదు. రెండును కలిసియున్నచోట కొంచెము చాలును.

వాలు పిన్నునకైనచో వాలు రీమరును కొంచెము కొంచెముగా దింపుచు మాటిమాటికి పిన్నుతో సరిచూడవలెను. పిన్నును వ్రేళ్లతో నొక్కగా దాని లావు కొన గుబ్బకంటె నాలుగైదు మిల్లీమీటర్లు పైకుండునట్లు నిలువవలెను. దానికి నీలిరంగో, అదిలేనిచో దీపపుమసియో పలుచగా పూసి రంధ్రములో పెట్టి తీయుడు. రంగు పొడవునా సమముగా చెదరినచో పిన్ను అంతటను ఆనుచున్నది. ఒకకొననే చెదరినచో ఆ కొననే ఆనుచున్నది, మరల రీమరు త్రిప్పవలెను. ఈ పరీక్షను చేయించుకొను రైతు మేస్త్రీకి విసుగు కలిగించినను ఫరవాలేదు. తరువాత చిన్న సుత్తితో దిగగొట్టుడు. మొదట దెబ్బలు మొద్దుగా పలుకును. పిన్ను కూర్చుండగానే చప్పుడు మారి గణగణమని మ్రోగును. అంతటితో ఆపవలెను. వాలు పిన్ను ఆప్పువలె దిగును గనుక ఇంకను కొట్టిన పోత ఇనుప గుబ్బ పగులును.

షాఫ్టు కొనయు గుబ్బ కొనయు సమముగా నున్నచోట మరియొక పద్ధతి కలదు. దానిని వర్కుషాపులలో స్కాచ్ కీ యందురు. రెంటికి కలియు గీతమీదనే, ఇరుసు పొడవున, రంధ్రములో సగము షాఫ్టులోను సగము గుబ్బలోను పడునట్లు తొలిచి గుండ్రని పిన్ను దింపుదురు. ఇది గాడి కోయు పని లేక కీ పని చేయును. షాఫ్టునకు అడ్డముగా గాయముండదు గనుక దానికిని మంచిది. కాని ఉక్కు షాఫ్టు గట్టిది, పోత ఇనుప గుబ్బ తొలుచుటకు మెత్తనిది. డ్రిల్లు మెత్తనివైపునకు ఒరిగిపోవును. తీరా చూచిన రంధ్రమంతయు గుబ్బలోనే యుండును. సన్న డ్రిల్లుతో మొదలిడి మెట్లుమెట్లుగా, మెల్లగా పోవుటయొక్కటే ఉపాయము. బయటి కొసను మర కోసి చిన్న మరను బిగించినచో పిన్ను వెలికి రాదు. పిన్ను కొనకు కూడ మరరంధ్రము చేసియుంచినచో ముందుముందు బోల్టు బిగించి లాగుటకు వీలగును.

పిన్ను దేనితో చేయవలెను? మెత్తని ఉక్కుతో. విరిగిన డ్రిల్లు కాడలను, కవాటముల కాడలను “ఇది చావదు” అని మెచ్చుకొనుచు పిన్నులుగా దింపువారు కలరు. పిన్ను చావకూడదన్న కోరికయే తప్పు. గడ్డియో రాయియో పడి పంపు హఠాత్తుగా బిగుసుకొనినప్పుడు ఏదో యొకటి విరిగితీరును. మెత్తని పిన్ను విరిగిన అరగంటలో మరియొకటి వేయవచ్చును. అది విరుగనిచో గుబ్బ పగులును, లేదా షాఫ్టు మెలిపడును. గట్టి పిన్ను ముక్క లోపల చిక్కుకొనిన డ్రిల్లుతో తొలువను వీలుపడదు. మేకులు మెత్తనివే గాని వాని గుండ్రము సరికాదు. తాత్కాలికముగా ఆ రాత్రికి వాడినను తెల్లవారి తీసివేయవలెను. అంగడులలో చీలికగల స్ప్రింగు పిన్నులు కూడ దొరకును. రీమరు లేనిచోట అవి ఉపయోగమే, డ్రిల్లు రంధ్రము కొలతకు సరిగా నున్నయెడల. అవి బోలుగా నుండుటచే మన ఉప్పునేలలలో లోపలినుండి త్రుప్పుపట్టును, ఏటేట మార్చవలెను.

పిన్ను కొనలు గుబ్బకు పైన పొడుచుకొని యుండరాదు. ఇది అందము కొరకు చెప్పుమాట కాదు. తిరుగుచున్న షాఫ్టుమీద పైకివచ్చిన పిన్నో, మరతలయో, కీతలయో కంటికి కనబడదు. వేగమువలన నున్నని గుండ్రమువలె తోచును. పంచె చెరగుగాని, భుజముమీది తువాలుగాని, చీరకొంగుగాని తగిలిన చుట్టుకొని మనిషిని లాగును. నిమిషమునకు 1500 చుట్లనగా క్షణమునకు ఇరువదియైదు; చేయి వెనుకకు తీయు వ్యవధి లేదు. ఇంగ్లండులో 1937 నాటి ఫ్యాక్టరీల చట్టమును, మన దేశమున 1948 నాటి ఫ్యాక్టరీల చట్టపు 26వ విభాగమును, తిరుగు షాఫ్టులమీది మరలను, బోల్టులను, కీలను లోపలికి దింపవలెననియో, కప్పి కాపాడవలెననియో శాసించినవి. చట్టము ఫ్యాక్టరీలకు, దొరువు గట్టునకు ఇన్‌స్పెక్టరు రాడు. కావున పిన్ను కొనలను రంపముతో కోసి ఆకురాతితో గుబ్బకు సమముగా రాయించుడు. తలగల కీ యున్నచో దానిమీద రేకుతొడుగు వేయించుడు. పిల్లలు ఆ దరిదాపులకు రాకుండ పట్టాకు కంచె కట్టుట మరువరాదు.

బిగించిన తరువాత సుద్దగీతను మరల గీసి మొదటి గంట నడిచిన పిమ్మట ఒకమారు, మొదటి రాత్రి తడుపు ముగిసిన పిమ్మట ఒకమారు చూడుడు. వాలు పిన్ను మొదటి దినమున కొంచెము సర్దుకొనును. చిన్న సుత్తితో ఒకటి రెండు తట్లు తట్టిన చాలును. అటుతరువాత సన్నకొన అంచును పంచితో రెండుచోట్ల నొక్కి బయటికి రాకుండ చేయవచ్చును. రెండు కొనలమీదను గ్రీజు దట్టముగా పూయుడు. ఉప్పునీటి చెరువుల దగ్గర నడుచు ఇంజనులకు పదునైదు దినములకొకమారు పాతగ్రీజు తుడిచి క్రొత్తది పూయుట అవసరము; తుడిచినప్పుడు గుడ్డకు ఎర్రపొడి అంటెనేమో చూచుకొనుటకును అదియే సమయము.

ఈ పనికి కావలసిన రీమరులు ఒక్కొక్క రైతు కొనదగినవి కావు. ఏడాదికి ఒక్కమారు వాడి మూల పడవేసిన త్రుప్పుపట్టును. 6, 8, 10 మిల్లీమీటర్ల వాలు రీమరులు ఒక్కొక్కటియు, ఆ కొలతల పిన్నులు కొన్నియు, ఒక వెర్నియరును సంఘపు గిడ్డంగిలో ఉంచినచో సభ్యులందరికిని చాలును. పిన్నులను నూనెగుడ్డలో చుట్టి సీసాలో పెట్టవలెను. ఎవరు తీసికొనిపోయినది పుస్తకమున వ్రాయించి, రీమరు తిరిగివచ్చినప్పుడు దాని అంచులను గోటితో రాచి చూచి పుచ్చుకొనవలెను. మొద్దుపోయినదానిని శాన పట్టించిన తరువాతనే మరియొకరికి ఇయ్యవలెను. ఈశాన్య ఋతుపవనము వెనుదిరిగి, కాలువనీరు తగ్గి, ఇంజనులకు రాత్రింబగళ్లు పని తగులుటకు ముందుగా, అనగా సంక్రాంతిలోపల, ఒక దినము ఇంజనులను ఆపి పుల్లీలను ఈ విధముగా పరీక్షించుకొనుట అనుకూలము. అప్పుడు లేతులవద్ద రద్దీ కూడ ఉండదు.